ముందుకాళ్ళ నూనె

ఎమ్మిగనూరు,
ఫిబ్రవరి 1979, శుక్రవారం

తమ్ముడు దేవేంద్రప్పకు అక్క ఈరమ్మ రాయించేది కాదు, రాసేది.

మూడో తరగతితో బడి మానేసినదాని రాత ఇట్లే ఉంటాది. నవ్వుకుంటే నవ్వుకో. పక్కింటి పిల్లతో రాయిద్దామంటే ఆ పిల్ల వాళ్ళమ్మకు చెప్తాది, వాళ్ళమ్మ మగ్గాల వీధికంతా చెప్తాది. నా కడుపుకోత నాకే చాలీచాలకుండా ఉంది, వీధికి పంచేంత ల్యా.

క్షేమమా అని అడగను. క్షేమం అని రాయను. బసన్న పోయి మూడు నెల్లాయ. మీ బావ మగ్గం గుంతలో దిగుతాడు, ఎక్కుతాడు. దిగింది యాలనో, ఎక్కింది ఎందుకనో ఆయనకే తెలియదు.

ఓదార్చేదానికి వచ్చినోళ్ళు ఓదార్చి పోవాల. ఈళ్ళట్ల కాదు. చాప మీద కూసుంటారు, కాఫీ తాగుతారు, గ్లాసు కింద పెట్టినాక నెమ్మదిగా అంటారు, పిల్లోడు తాగినాడంట కదమ్మా అని. నా కొడుకు సోడా తాగితేనే ముక్కులోకి ఎక్కించుకొని దగ్గేటోడు. చీరల మూట బండి వెనక కట్టుకొని ఆదోని అంగళ్ళకు వేసి, పొద్దు గుంకే యాళకు ఇల్లు చేరేటోడు. రోజూ పోయే దావలోనే, కల్వర్టు కాడ, గుంతల్లో బండి ఎగిరి పడి పోయినాడు. దానికి తాగాల్నా? ఆ దావలో ఎద్దులబండే పల్టీ కొడతాది, ఎద్దులు కూడా తాగింటాయా?

మట్టి చేసిన నాడు నువ్వు నలుగురిలో నిలబడి ఒక మాట అన్న్యావు. ఆ హొళగుంద లక్ష్మప్ప బండి ముందుకాళ్ళల్లో తప్పుడు నూనె పోసి పిల్లోన్ని చంపినాడు అని. ఆ పొద్దు నాకు చెవులు పని చేయల్యా. ఇప్పుడు చేస్తాండాయి. బండికి కాళ్ళేమిటి, కాళ్ళల్లో నూనేమిటి? నాకు తెలిసే మాదిరిగా రాయి. ఈ కాఫీ తాగేటోళ్ళ మొగాన కొట్టేదానికి నాకొక మాట కావాల.

ఈరమ్మ

*

ఆదోని,
26–2–1979

పూజ్యురాలైన అక్కగారి పాదములకు తమ్ముడు దేవేంద్రప్ప నమస్కరించి వ్రాయునది.

నీ ఉత్తరము చేరినది. అక్షరదోషములు మెండుగా ఉన్నవి. అయినను భావము బోధపడినది.

మోటారు సైకిలు ముందు చక్రమునకు ఇరువైపుల రెండు గొట్టములుండును. వీనిని ఫోర్కు అందురు. మెకానికులు మోటుగా ముందుకాళ్ళు అందురు. గొట్టములో స్ప్రింగును, దానికి తోడు నూనెయు ఉండును. చక్రము గుంతలో పడినప్పుడు ఈ నూనె చిన్న రంధ్రము గుండా అటునిటు పారి అదరు తగ్గించును. నూనెకు స్నిగ్ధత అను గుణము కలదు. అది తగుపాళ్ళలో ఉండవలెను. స్నిగ్ధత తక్కువైనచో బండి ఊయలవలె ఊగును. ఎక్కువైనచో గొట్టము బిగుసుకొని, చక్రము గుంతలో దిగక బంతివలె ఎగురును. ఈ విషయము నావంటి నాలుగు పుస్తకములు తిరగవేసినవానికి తెలియును గాని, ఆ లక్ష్మప్పకు ఏమి తెలియును? వాడు ఏదో చిక్కటి నూనె పోసినాడు. పిల్లవాడు పోయినాడు.

వాని సంగతి చెప్పెదను. మా ఆయిలు మిల్లు గోడకు ఆనుకొని ఒక రేకుల డబ్బాలో మరమ్మతు దుకాణము పెట్టుకొని ఉన్నాడు. వానికి తెలుగు సరిగా రాదు, కన్నడమును సరిగా రాదు, రెండును కలిపి గిలక్కొట్టి మాటలాడును. నాకు రెండు భాషలును కొట్టిన పిండి. ఆ స్థలము మా సావుకారుది. కావున సావుకారుకు ఒక అర్జీ వ్రాసితిని. పిల్లవాని తల్లి సంతకము ఉన్నచో డబ్బా తీయించుట క్షణములో పని. గీత గీసిన చోట సంతకము పెట్టి మరు టపాలో పంపుము. మిగిలినది చదువనవసరము లేదు.

బావగారికి నమస్కారములు.

నీ తమ్ముడు
దేవేంద్రప్ప, గుమాస్తా

*

ఎమ్మిగనూరు,
మార్చి నెల

దేవేంద్రకు అక్క రాసేది.

స్నిగ్ధత అంట. మీ బావకు చదివి వినిపిస్తే అదేం రోగం అన్నాడు.

నువ్వు యాడ పుట్టినావురా? మనింట్లో కాదా? మన నాయన పడుగుకు గంజి పట్టిస్తాంటే కుంచె అందిచ్చినోడివి కాదా? గంజి చిక్కనైతే పోగు పుల్ల మాదిరి బిగుసుకొని పుటుక్కుమంటాది. పలచనైతే నూలు నూగు లేచి మగ్గం పన్నెలో చిక్కుకుంటాది. చిక్కన, పలచన. ఈ రెండు మాటలు రాస్తే నీ గుమాస్తాతనం కరిగిపోతాదా? మిల్లులో పెన్ను పట్టుకున్న్యావని గంజి మరిచిపోయినావు. అక్షరదోషాలు ఏరుకునేటప్పుడు మాత్రం కండ్లు బాగా కనపడతాయి.

పోనీలే. అర్థమాయ. గంజి కాసేదానికి కూడా చేతిలో పట్టు తెలియాల. అది తెలియనోడు నా కొడుకు బండి మీద చెయ్యి పెట్టినాడు. కాఫీ తాగేటోళ్ళకు ఈ మాట చెప్పినా. మెకానిక్కు చిక్కటి నూనె పోసి చంపినాడంట, నా కొడుకు మీద పడి ఏడ్చేది ఇంగ చాలించండి అన్నా. నిన్న ఎవురూ రాల్యా. మంచిదే, చక్కెర మిగిలింది.

ఆ లక్ష్మప్ప చేతులు పడిపోను. సంతకం పెట్టినా. ముందర ‘ఈ’ సరిగ్గా తిరగల్యా, మళ్ళీ దిద్దినా. సావుకారు అడిగితే తల్లి చెయ్యి వణికిందని చెప్పు. వణకల్యా గానీ అట్లనే చెప్పు. డబ్బా తీయించినాక రాయి. వాడు యాడ నిలబడి ఏడ్చినాడో అది కూడా రాయి. నాకు చదువుకోవాలని ఉంది.

అక్క

*

ఆదోని,
2–4–1979

అక్కగారికి నమస్కారములు.

శుభవార్త. ఉగాది మరుసటి దినముననే సావుకారు డబ్బా తీయించినారు. నలుగురు హమాలీలు ఎత్తి రోడ్డు మీద పెట్టినారు. లక్ష్మప్ప ఏడ్వలేదు. మిల్లు గేటు ఎదుట నిలబడి నానా మాటలు అన్నాడు. అవి వ్రాయదగినవి కావు.

వాడు నీ వద్దకు వచ్చెదనని బెదిరించుచున్నాడు. వచ్చినచో గడప తొక్కనీయకుము. వాడు అబద్ధములకోరు.

మరియొక సంగతి. ఆ బండి ఇంటి ముందర ఉన్నంతకాలము నీ మనసు కుదుటపడదు. గోనెగండ్లలో ఒకడు పాత ఇనుము కొనును. వానిని పంపుచున్నాను. ఉన్నది ఉన్నట్లుగా ఇచ్చివేయుము. అంతవరకు ఎవ్వరిని దాని మీద చేయి వేయనీయకుము, ఏ మరయు విప్పనీయకుము.

సావుకారు నన్ను పెద్దగుమాస్తా చేయు ఆలోచనలో ఉన్నారు. బావగారికి చెప్పుము.

దేవేంద్రప్ప

*

ఎమ్మిగనూరు,
ఏప్రిల్, బేస్తవారం

దేవేంద్రప్పకు,

వాడు వచ్చినాడు.

మొన్న మిట్టమధ్యాన్నం బస్సు దిగి, సంచిలో పానాలు గలగలమంటాంటే నేరుగా మన వాకిట్లోకి వచ్చినాడు. నేను గడపలో అడ్డం నిలబడినా. ఏడుస్తా కాళ్ళ మీద పడతాడేమో అనుకుంటి. వాడు అట్లాంటోడు కాడు. నడుం మీద చెయ్యి పెట్టుకొని, ఏమ్మా, నన్ను నడిరోడ్డు మీద పెట్టిస్తివే, నీకు కడుపు నిండిందా అన్నాడు. నా కడుపు సంగతి నీకు యాలరా, దాన్ని ఖాళీ చేసినోడివి నువ్వే కదా అన్నా. ఇంగ చూసుకో. నేను నాలుగు తిట్టినా, వాడు ఆరు తిట్టినాడు. సగం కన్నడంలో తిట్టినాడు, అవి నాకు బాగానే తెలిసినాయి, తిట్లకు భాష అక్కర్లేదు. కాఫీ తాగేటోళ్ళంతా గోడల మీదికి వచ్చినారు. మీ బావ మగ్గం గుంత ఎక్కి వచ్చి ఇద్దరికీ నీళ్ళు ఇచ్చి మళ్ళీ పోయినాడు.

ఆఖరికి వాడన్నాడు, బండి చూపియ్యి, నా కండ్లతో చూసినాక ఉరేసినా సరే అని. నువ్వు ఎవరినీ చెయ్యి వేయనీయొద్దని రాస్తివి కదా. నువ్వు వద్దని రాసేసరికి నాకు చూపియ్యాలనే అనిపించింది. నీ మాట నేనెప్పుడు విన్న్యా?

గోనెపట్ట తీసినా. ముందర చక్రం వంకర తిరిగుండాది. వాడు మోకాళ్ళ మీద కూసుని, గొట్టం అడుగున చిన్న మర ఉంటే దాన్ని విప్పినాడు. నూనె కారాల కదా. కారల్యా. కొంచెంసేపటికి పాకం తీగ మాదిరి సాగుతా సాగుతా దిగింది. ఇంత ఎండలో. కార్తీకం చలిలో అది ఎట్లుండిందో నువ్వే ఆలోచన చేసుకో. వాడు వేలు పెట్టి చూసి, ముక్కు కాడ పెట్టుకొని, నా దిక్కు చూసినాడు. నేనూ వేలు పెట్టినా.

ఆముదం, దేవేంద్రా. తెల్లగా, నీళ్ళ రంగులో ఉంది గానీ ఆముదమే. బసన్న పాలు తాగే పిల్లోడుగా ఉన్నప్పుడు వాని మాడు మీద నేను రోజూ అద్దిన నూనె నాకు తెలియదా? నేను వాకిట్లోనే కూసుని ఆ వేలు ముక్కు కాడే పెట్టుకుంటి. గోడల మీదోళ్ళు చూస్తాంటే చూడనీ అనుకున్న్యా.

వాడు అప్పుడు జరిగింది చెప్పినాడు. బసన్న పోయిన పొద్దే గొట్టాలు కడిగి, కొత్త వాషర్లు వేసి, కింద మర బిగించినాడంట. వాళ్ళ ఊర్లో తేరు, బస్సు టైమాయె. పైమూత తీసిపెట్టి, బసన్నకూ వాళ్ళ మామకూ చెప్పి బస్సెక్కినాడంట. వాళ్ళ మామ అంటే నువ్వే కదా, ఇంకొక మామ ల్యాకపాయె. సగం పని వదిలి తేరు లాగేదానికి పోయినావారా, పుణ్యం బాగా వచ్చిందా అని అడిగినా. తల తిప్పుకున్నాడు. వాన్ని నేను వదిలిపెట్టల్యా, నువ్వు భయపడొద్దు.

ఏం చెప్పి పోయినావు అంటే, నూనె తెళ్ళగుండాల, సూసి పోసుకోండి అని చెప్పినా అన్నాడు.

“తెల్లగనా?” అన్నా.

“తెల్లగ కాదమ్మా, తెళ్ళగ. నీళ్ళ మాదిరి తెళ్ళగ. మజ్జిగ తెళ్ళగుండదా, అట్ల.”

దాన్ని పలచన అంటారురా దరిద్రుడా అన్నా. మా ఊర్లో తెళ్ళగ అంటారు, నీ మాట నాకు యట్ల తెలియాల అన్నాడు.

ఇప్పుడు నువ్వు చెప్పు. ఆదోనిలో తెల్లటి ఆముదం యాడ దొరుకుతాది? ఆయిలు మిల్లు గుమాస్తాకు తెలిసుండాల కదా. ఇంకొకటి. బసన్న పోయినాక ఆ గొట్టాలు ఎవురూ విప్పల్యా. మొన్న మొదటిసారి విప్పింది. మరి లోపల ఉండేది చిక్కటి నూనె అని నువ్వు ఫిబ్రవరిలోనే యట్ల రాసినావు?

మనింటి తెలుగులో జవాబు రాయి.

అక్క

*

ఆదోని,
7–5–1979

అక్కగారికి,

నీ ఉత్తరము చేరి చాల దినములైనది. మిల్లులో లెక్కల తీరిక లేక ఆలస్యమైనది.

ఒక మెకానికు మాట నమ్మి తోడబుట్టినవానిని పోలీసువలె ప్రశ్నించుట నీకు తగదు. ఆముదము నీచమైన వస్తువు కాదు. పూర్వము విమాన యంత్రములలోనే దానిని వాడిరి, నేను పుస్తకములో చదివితిని. మేము ఆ దినమున పోసినది సావుకారు ఇంటికి ప్రత్యేకముగా వడగట్టి పంపు మొదటి రకము. అంత తెల్లని నూనె ఈ చుట్టుపట్ల లేదు. వాడు తెల్లగా ఉండవలెనన్నాడు. నేను ఉన్నవానిలో మిక్కిలి తెల్లనిది తెచ్చితిని. ఇందులో నా దోషము ఏమున్నది? కన్నడము నాకు రాదని ఎవ్వరు అనగలరు? వాడు స్పష్టముగా పలుకలేదు.

మరియు నూనె వలననే జరిగినదని ఎవ్వరు చూచినారు? బసన్న వేగముగా పోవువాడు. దారిలో ఎక్కడైన ఆగి ఒక చుక్క పుచ్చుకొన్నాడేమో ఎవరికి తెలియును? లోకులు ఊరకే అనరు గదా.

గోనెగండ్ల వాడు వచ్చినచో బండి ఇచ్చివేయుము. పెద్దగుమాస్తా సంగతి ఈ నెలలో తేలును. ఇట్టి సమయమున మిల్లు నూనె మాట బయటికి రాకూడదు. ఈ ఉత్తరము చదివి చింపివేయుము.

దేవేంద్రప్ప

*

ఎమ్మిగనూరు,
మే నెల, సోమవారం పొద్దున్నే

పెద్దగుమాస్తా దేవేంద్రప్ప గారికి,

చింపల్యా.

ఏ చెట్టూ ల్యాని ఊర్లో ఆముదం చెట్టే మహావృక్షమంట. మనింట్లో నాలుగక్షరాలు వచ్చినోడు ల్యాక నిన్ను వృక్షం చేసినాము. నీడ యాడన్నా ఉందేమో అని కింద చేరితిమి. ఆకులు కూడా ల్యావు.

విన్న్యావా, నీ తప్పుకు నేను నిన్ను ఏమీ అనల్యా. తెల్లగ, తెళ్ళగ. నేనున్న్యా తెల్లగ అనే విందును. మీ బావ ఉన్న్యా అంతే. ఈ సీమలో సగం మందికి అట్లనే వినపడతాది. మళ్ళీ ఒక్కసారి ఏమప్పా అంటివి అని అడిగుంటే వాడు చెప్పుండును. నువ్వు అడగవు. కొట్టిన పిండి కదా. అడిగితే ఆ పిండి రాలిపోతాది. పోనీ, అది కూడా వదిలేసినా. మేనల్లునికి మంచిది పోయాలని సావుకారు ఇంటి డబ్బాలోంచి తెచ్చినావు. వాని మీద నీకు ప్రేమ ల్యాదని నేను అనను. నా నోరు అంతకు దిగల్యా.

నూనె వల్లనే పోయినాడని నేను చూడల్యా, నిజమే. గుంత వల్లనో, చీకటి వల్లనో, వాని రాత వల్లనో. అది నాకు ఎప్పటికీ తెలియదు. కానీ నువ్వు తెలిసినాక ఏం చేసినావు? మట్టి చేసిన నాడు, తడి ఆరకముందే, తప్పు ఇంకొకని నెత్తిన పెట్టినావు. ఆ గీత కాడ నా చేత సంతకం పెట్టించినావు. మిగిలింది చదవొద్దంటివి, నేను చదవల్యా. బిడ్డ పోయినదాని చేతిని కూలికి పెట్టుకున్న్యావు. వాడు నోటి దురుసోడు, సగం పనోడు, తేరు పిచ్చోడు. అయినా వాని డబ్బా వాని బతుకు. నా కొడుకు పేరు చెప్పి దాన్ని రోడ్డు మీద పెట్టించినావు.

అది చాలక, బసన్న తాగినాడేమో అని రాసినావు. కాఫీ తాగేటోళ్ళు అంటే ఊరోళ్ళు. నువ్వు ఎవురు? ఆ పొద్దు వాన్ని చివరగా చూసింది నువ్వు. నీకు తెలుసు. తెలిసే రాసినావు.

ఇంగొక కాగితం దీంట్లో పెట్టినా. నేనే రాసినా, దోషాలతో సహా. ముందర పెట్టిన సంతకం నాది కాదనుకోండి, లక్ష్మప్ప తప్పు ఏమీ ల్యా అని. దాన్ని నీ చేత్తో సావుకారుకు ఇచ్చి, నీ నోటితో జరిగింది చెప్పు. పెద్దగుమాస్తా అవుతావో, చిన్నగుమాస్తావుగా ఉంటావో నాకు అక్కర్లేదు. చెప్పకపోతే నేనే బస్సెక్కి వస్తా, మిల్లు గేటు కాడ నిలబడి చెప్తా. నా గొంతు నీకు తెలుసు.

ఇంకొకటి అడగాల. దీనికి నాకు తిట్టు కూడా దొరకల్యా. నూనె సంగతి దాచాలని నువ్వు ఆ పొద్దు జరిగిందంతా దాచినావు. నా కొడుకు నీ పక్కన కూసున్నాడు. ఏదో మాట్లాడింటాడు. ఏదో తినింటాడు. నవ్విండొచ్చు. ఇన్ని నెలలు అది నీ కాడ పెట్టుకున్న్యావు, నాకు ఒక్క ముక్క ఇయ్యల్యా. అది నీది కాదు, నాది. రాసి పంపు. పుస్తకం తెలుగులో రాసినావంటే పొయ్యిలో వేస్తా.

ఈరమ్మ

*

ఆదోని,
జూన్ నెల

అక్కా,

నీ కాగితం సావుకారుకు ఇచ్చినా. నోటితో కూడా చెప్పినా. తెళ్ళగ అంటే పలచన అని నాకు తెలియదు అని చెప్పేటప్పుడు హమాలీలంతా ఉన్న్యారు. ఎవురో నవ్వినాడు. ఇప్పుడు గేటు దాటితే తెల్లయ్యొచ్చినాడు అంటాండారు. పెద్దగుమాస్తా ఇంకొకాయన ఆయ. లక్ష్మప్ప డబ్బా మళ్ళీ గోడకే పెట్టినారు. నేను పోతాంటే వాడు ఉమ్ముతాడు. నేను గొడుగు అడ్డం పెట్టుకొని పోతాండా.

మన పిల్లోన్ని మట్టి చేసేదానికి వచ్చేముందే నాకు అనుమానమొచ్చింది. పెట్రోలు బంకులో అడిగితిని, ముందుకాళ్ళకు ఆముదం పోయొచ్చునా అని. ఆయప్ప పోసినోడు ఎవురో గానీ వాని బండి ఎక్కొద్దు అన్నాడు. ఆ మాట మింగుడుపడక ఆడికి వచ్చి లక్ష్మప్ప పేరు చెప్పినా. ఇంగ దానికి ఏం రాయాల.

ఆ పొద్దు ఏం జరిగిందో రాస్తాండా.

లక్ష్మప్ప పోయినాక నేను మిల్లులోంచి నూనె డబ్బా తెచ్చినా. బసన్న గరాటు పట్టుకున్న్యాడు, నేను పోసినా. దిగల్యా. గరాటు నిండా నిలబడింది. మామా, ఇది దిగేదే ల్యా అన్నాడు. మంచి సరుకు నిదానంగానే దిగుతాది లేరా అన్నా. నవ్వినాడు. ఒక గొట్టం దిగేలోపల ఉగ్గాని బజ్జి తెప్పించుకొని తింటిమి. వాడు మిరపకాయ బజ్జి తొడిమ కూడా తినేటోడు కదా, ఆ పొద్దు కూడా తిన్న్యాడు. ఎర్రంచు చీరలు బాగా పోతాండాయి, ఇంకొక మగ్గం వేద్దామని నాయనకు చెప్పాల అన్నాడు.

మళ్ళీ అన్నాడు, మామా, బండి బాగుచేయిస్తాండానని అమ్మకు చెప్పొద్దు అని. యాలరా అంటే, పాత ఇనుము కొన్న్యావని నన్ను తిడతాది, తర్వాత దీన్ని తిడతాది, అమ్మినోన్ని తిడతాది, ఆఖరుకు తోడు వచ్చినావని నిన్ను తిడతాది అన్నాడు. లేచి నడుం మీద చెయ్యి పెట్టుకొని నీ మాదిరి తిట్టి చూపించినాడు. అచ్చం నువ్వే అక్కా. నవ్వుతాంటే నాకు బజ్జి గొంతులో అడ్డం పడింది. దావన పోయేటోళ్ళు నిలబడి చూసినారు.

పోయేముందు హాండిలు పట్టుకొని కిందికి అదిమి చూసుకున్న్యాడు. గట్టిగుంది మామా అన్నాడు. గట్టిగుంటేనే బలం అన్నా నేను. కుండలో నీళ్ళు ముంచుకొని తాగినాడు. వస్తా మామా అన్నాడు. పోయినాడు.

తాగల్యా అక్కా. ఇది మీ వీధిలో అందరికీ చదివి వినిపియ్యి. నా పేరుతో సహా వినిపియ్యి.

దేవేంద్ర

*

ఎమ్మిగనూరు,
జూన్, ఆరుద్ర కార్తె

దేవేంద్రకు,

ఉత్తరం అందింది. వీధిలో చదవల్యా. వాళ్ళకు యాల, కాఫీతో నంజుకునేదానికా? కావాలంటే గోడల మీదినుంచి వచ్చి అడగనీ, అప్పుడు చెప్తా.

మీ బావకు చదివినా. తొడిమ కాడికి వచ్చేసరికి మగ్గం ఆపినాడు. ఎర్రంచు మాట ఇంకొకసారి చదువు అన్నాడు. చదివినా. లేచి పోయి నూలు చూసుకుంటాండాడు.

నిన్ను నేను క్షమించినానని అనుకోవద్దు. ఆ మాట పెద్ద చదువుల వాళ్ళు అనేది, నాకు సరిగ్గా రాసేదానికి కూడా రాదు. గోనెగండ్ల వాడు వచ్చినాడు, తరిమినా. తెల్లయ్య అని పిలిస్తే పలుకు. పలికితే నాలుగు దినాలకు వాళ్ళకే విసుగు పుడతాది, పలకకపోతే నీ మనవళ్ళను కూడా అట్లనే పిలుస్తారు. గొడుగు అడ్డం పెట్టుకోవద్దు, ఎండకు పెట్టుకో. లక్ష్మప్ప ఉమ్మితే ఉమ్మనీ. వాడు తేరుకు పోయినందుకు నేను వాని మీద ఉమ్మేది ఇంకా బాకీ ఉంది, వాడు వచ్చినప్పుడు చూసుకుంటా.

బసన్న నా మాదిరి తిట్టి చూపించినాడు అని రాసినావు. ఏమని తిట్టినాడో రాయల్యా. ఒక్క వరసలో తేల్చేసినావు, గుమాస్తా బుద్ధి. చెయ్యి నడుం మీద ఎట్ల పెట్టినాడు, గొంతు యాడ ఎత్తినాడు, ఏ తిట్టు తిట్టినాడు, అది రాతలో వచ్చేది కాదు. వచ్చి నా ఎదురుగా చేసి చూపియ్యి. సరిగ్గా చేయకపోతే నేను దిద్దుతా.

తిడతానని భయపడి నాకు చెప్పకుండా నీ కాడికి వచ్చినాడంట. తిడుదును, నిజమే. ఇన్ని నెల్లాయ, నోరంతా తిట్లు నిండుకొని ఉండాది, పోసేదానికి మనిషి ల్యా. మీ బావను తిడితే నీళ్ళు ఇచ్చి పోతాడు, తిట్టినట్లే ఉండదు. ఇంగ నువ్వే మిగిలినావు.

ఆదివారం పొద్దున బస్సుకే రా. మాపటి బస్సుకు వస్తే చాలినంత తిట్టేదానికి పొద్దు ఉండదు.

అక్క